విదేశీ డబ్బుకు అడ్డు పెట్టిన రోజున ఏ అంకెలు చూడాలి?

ప్రశ్న: నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతున్నాను. వర్ధమాన దేశాల్లోకి వచ్చే విదేశీ పెట్టుబడులు, వాటిపై ప్రభుత్వాలు పెట్టే ఆంక్షల పాఠం దగ్గరికి వచ్చేసరికి తరగతి రెండుగా చీలిపోతోంది. 1998లో ఆంక్షలు పెట్టి మలేషియా గట్టెక్కిందని సగం మంది అంటారు. ఆంక్షలు పెడితే ఏమవుతుందో అర్జెంటీనాను చూడమని మిగతా సగం అంటారు. పాఠ్యపుస్తకంలో లాభాలు, నష్టాలు అని రెండు జాబితాలు తప్ప ఇంకేం లేదు. ఒక దేశం రేపు ఇలాంటి ఆంక్షలు ప్రకటిస్తే, అవి పనిచేస్తాయో లేదో తేల్చుకోవడానికి విద్యార్థులు ఏం చూడాలి? ఏ వరుసలో చూడాలి?

సమాధానం: మీ విద్యార్థుల్లో రెండు వర్గాలూ ఒకే రకం ఆంక్ష గురించి వాదించుకుంటున్నాయి. మలేషియాదీ, అర్జెంటీనాదీ కూడా డబ్బు బయటికి పోకుండా వేసిన అడ్డే. దానికి ముందు ఇంకో దశ ఉంటుంది. విదేశీ డబ్బు ఎగబడి లోపలికి వస్తున్నప్పుడు, అందరూ సంతోషంగా ఉన్నప్పుడు, దాన్ని కాస్త నెమ్మదింపజేసే ఆంక్షలు. చిలీ, బ్రెజిల్, దక్షిణ కొరియా చేసినవి ఈ కోవలోకి వస్తాయి. నేర్చుకోవలసింది ఎక్కువగా ఇక్కడే ఉంది, పాఠ్యపుస్తకాలు తక్కువగా చెప్పేదీ దీని గురించే.

కాబట్టి మొదటి పనిగా నాలుగు గడుల పట్టిక గీయించండి. ఒక వైపు లోపలికి, బయటికి. ఇంకో వైపు స్థానికుల డబ్బు, విదేశీయుల డబ్బు. ప్రకటించిన ప్రతి ఆంక్షనూ ఈ గడుల్లో సరైన చోట పెట్టమనండి. ఇది చిన్నపిల్లల అభ్యాసంలా కనిపిస్తుంది గానీ, వార్తాపత్రికల శీర్షికలు తప్పుదారి పట్టించేది సరిగ్గా ఇక్కడే. 2013 ఆగస్టు 14న భారత రిజర్వు బ్యాంకు చేసింది చూడండి. వ్యక్తులు ఏడాదికి విదేశాలకు పంపుకోగల మొత్తాన్ని 2 లక్షల డాలర్ల నుంచి 75 వేలకు తగ్గించింది. భారతీయ కంపెనీలు ఆటోమేటిక్ మార్గంలో (ముందస్తు అనుమతి లేకుండా) విదేశాల్లో పెట్టగల పెట్టుబడిని నికర విలువలో 400 శాతం నుంచి 100 శాతానికి కుదించింది. రెండూ స్థానికుల డబ్బు బయటికి పోవడానికి సంబంధించినవే. విదేశీ మదుపరుల మీద కొత్తగా ఒక్క ఆంక్ష కూడా లేదు. అయినా మరుసటి ట్రేడింగ్ రోజు, ఆగస్టు 16న, సెన్సెక్స్ దాదాపు 770 పాయింట్లు పడింది. ఇవాళ స్థానికుల తలుపు మూశారంటే రేపు మన తలుపు మూస్తారేమో అని విదేశీ మదుపరులు భయపడ్డారు. ఆగస్టు 28న రూపాయి డాలరుకు 68.80 దాకా జారింది.

ఆ తర్వాత నిలబెట్టింది అడ్డు కాదు, ఆహ్వానం. సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, ప్రవాస భారతీయుల నుంచి కనీసం మూడేళ్ల కాలానికి విదేశీ కరెన్సీ డిపాజిట్లు తెచ్చే బ్యాంకులకు ఏడాదికి 3.5 శాతం స్థిర ఖర్చుతో స్వాప్ (ఇవాళ డాలర్లు తీసుకుని రూపాయలిచ్చి, గడువు తీరాక ముందే ఒప్పుకున్న ధరకు డాలర్లు తిరిగిచ్చే ఒప్పందం) ఇస్తామంది. అంటే మూడేళ్ల తర్వాత డాలరు ధర ఎంత ఉన్నా, ఆ నష్టభయం రిజర్వు బ్యాంకుదే. బ్యాంకుల విదేశీ రుణాలకు ఇచ్చిన ఇలాంటి వెసులుబాటుతో కలిపి, నవంబరు చివరికి సుమారు 3,400 కోట్ల డాలర్లు వచ్చాయి. చౌకగా దొరికిన డబ్బు కాదు. కానీ మూడేళ్లపాటు కదలని డబ్బు.

రెండో ప్రశ్న: ఏ రకం డబ్బు? విదేశీ డబ్బంతా ఒకటే అన్నట్టు మాట్లాడితే పాఠం అక్కడే ఆగిపోతుంది. ఫ్యాక్టరీగా వచ్చిన ప్రత్యక్ష పెట్టుబడి రాత్రికి రాత్రి లేచిపోలేదు. షేర్లలోకి వచ్చిన డబ్బు పోగలదు గానీ, అందరూ ఒకేసారి అమ్మితే షేరు ధరా పడుతుంది, స్థానిక కరెన్సీ విలువా పడుతుంది. అమ్మేవాడే రెండు విధాలా నష్టపోతాడు కాబట్టి అమ్మకానికి అదే ఒక పగ్గం. స్థానిక కరెన్సీ ప్రభుత్వ బాండ్లూ ఇంచుమించు ఇలాంటివే. అన్నింటికంటే ప్రమాదకరమైనది బ్యాంకులు మూడు నెలలకో ఆరు నెలలకో తెచ్చుకుని, గడువు తీరగానే కొత్త అప్పుగా తిరగరాసుకునే డాలరు అప్పు. అప్పిచ్చినవాడికి రావలసింది డాలర్లలో ఖాయం. కరెన్సీ పడితే నష్టం పూర్తిగా అప్పు తీసుకున్నవాడిదే. ఎవరు ముందు అడిగితే వారికి మొత్తం దక్కుతుంది కాబట్టి, భయం పుట్టగానే అందరూ ఒకేసారి అడుగుతారు.

1997కు ముందు థాయిలాండ్, దక్షిణ కొరియా ఈ ఊబిలోనే దిగబడ్డాయి. థాయిలాండ్ 1993లో బ్యాంకులకు ఆఫ్‌షోర్ రుణాల కోసం ప్రత్యేక వెసులుబాటు కల్పించింది. విదేశాల నుంచి విదేశాలకు అప్పులిచ్చే కేంద్రంగా బ్యాంకాక్‌ను చేయాలన్నది ఉద్దేశం. ఆచరణలో అది విదేశాల నుంచి థాయ్ రియల్ ఎస్టేట్‌కు డాలర్లు తెచ్చే కాలువ అయింది. కొరియా స్వల్పకాలిక విదేశీ అప్పులకు ముందు తలుపు తెరిచి, దీర్ఘకాలిక పెట్టుబడుల మీద ఆంక్షలు అలాగే ఉంచింది. ఉదారీకరణలో వరుస తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తట్టదు. తెరవాల్సిన క్రమం దీనికి సరిగ్గా తలకిందులు: ముందు ప్రత్యక్ష పెట్టుబడి, తర్వాత షేర్లు, దీర్ఘకాలిక బాండ్లు, చిట్టచివర స్వల్పకాలిక బ్యాంకు అప్పు.

దేశం ఎంత బలహీనంగా ఉందో కొలవడానికి ఒక మొరటు సూత్రం ఉంది. గ్విడోట్టి–గ్రీన్‌స్పాన్ నియమం అంటారు. రాబోయే 12 నెలల్లో తీర్చాల్సిన విదేశీ అప్పుకు సరిపడా విదేశీ మారక నిల్వలు ఉండాలి. విద్యార్థులు ఇక్కడ తరచూ రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, అప్పు మొదట తీసుకున్న గడువును చూడటం. చూడాల్సింది మిగిలిన గడువును. పదేళ్ల అప్పులో ఇంకా 11 నెలలే మిగిలితే అది స్వల్పకాలిక అప్పే. రెండోది, ప్రకటించిన నిల్వలను యథాతథంగా నమ్మడం. 1997 మధ్య నాటికి థాయ్ కేంద్ర బ్యాంకు తమ కరెన్సీ బాట్‌ను కాపాడుకోవడానికి ఫార్వర్డ్ మార్కెట్లో (ఇవాళే ధర ఒప్పుకుని డాలర్లు తర్వాత ఇచ్చే చోట) సుమారు 2,300 కోట్ల డాలర్లు అమ్ముతానని ఒప్పుకుని ఉంది. నిల్వల పట్టికలో ఆ డాలర్లు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ అప్పటికే అవి ఇంకొకరివి. ఇప్పుడు చాలా దేశాలు అంతర్జాతీయ ద్రవ్యనిధి నమూనాలో నిల్వలతో పాటు ఫార్వర్డ్ బాధ్యతలను కూడా ప్రచురిస్తున్నాయి. ఆ పట్టికలో పై వరుసలు చదివి ఆగిపోవద్దు, కిందికి వెళ్లాలి.

ఇక లోపలికి వచ్చే డబ్బు మీద ఆంక్షలు. చిలీ పద్ధతితో మొదలుపెట్టండి, ఎందుకంటే దాన్ని నల్లబల్ల మీద లెక్క కట్టవచ్చు. 1991 జూన్‌లో చిలీ విదేశీ రుణాలపై 20 శాతం డిపాజిట్ నియమం పెట్టింది, 1992లో దాన్ని 30 శాతానికి పెంచింది. వచ్చిన డబ్బులో ఆ భాగాన్ని వడ్డీ లేకుండా కేంద్ర బ్యాంకు దగ్గర ఏడాది ఉంచాలి. అసలు డబ్బు నెలకే వెళ్లిపోయినా డిపాజిట్ మాత్రం ఏడాదీ అక్కడే ఉంటుంది.

ఒక మదుపరి 100 డాలర్లు తెచ్చాడనుకోండి. 30 డాలర్లు కేంద్ర బ్యాంకుకు పోగా 70 వాడుకోవచ్చు. బయట వడ్డీ 5 శాతం అయితే, ఆ 30 మీద ఏడాదిలో పోగొట్టుకునేది డాలరున్నర. 70 మీద లెక్కిస్తే 2.14 శాతం. ఏడాది ఉండేవాడికి ఖర్చు అంతే. మూడు నెలల్లో వెళ్లిపోయేవాడు ఆ 2.14 శాతాన్ని మూడు నెలల్లోనే రాబట్టుకోవాలి, అంటే వార్షికంగా 8.6 శాతం. నెలకే వెళ్లేవాడికి దాదాపు 26 శాతం. ఐదేళ్లు ఉండేవాడికి ఏడాదికి 0.43 శాతమే. రేటు అందరికీ ఒకటే, భారం మాత్రం తొందరపడేవాడి మీదే. పన్ను అధికారి ఎవరి మనసులో ఏముందో కనిపెట్టక్కర్లేదు, కాలమే వేరుచేస్తుంది. ఆంక్షలన్నింటిలో నాకు బాగా నచ్చిన నిర్మాణం ఇదే. చిలీలో విదేశీ అప్పుల గడువు పెరిగింది. అయితే వచ్చే మొత్తం తగ్గిందనిగానీ, పెసో బలపడటం ఆగిందనిగానీ గట్టిగా చెప్పడానికి ఆధారాలు బలహీనం. ఈ తేడాను విద్యార్థులు పట్టుకోవాలి. ఒక ఆంక్ష డబ్బు రకాన్ని మార్చగలదు, పరిమాణాన్ని అంతగా మార్చలేకపోవచ్చు. ప్రభుత్వం ఏ లక్ష్యం చెప్పిందో దానితోనే ఫలితాన్ని కొలవాలి. 1998లో డబ్బు రావడమే తగ్గిపోయినప్పుడు చిలీ ఆ డిపాజిట్‌ను ముందు 10 శాతానికి, సెప్టెంబరులో సున్నాకు దించింది.

బ్రెజిల్ లెక్క వేరు. అక్కడ ప్రవేశ సమయంలోనే పన్ను. 2009 అక్టోబరులో షేర్లు, బాండ్లు రెండింటి మీదా 2 శాతంతో మొదలై, 2010 అక్టోబరులో బాండ్ల మీద ముందు 4కు, తర్వాత 6 శాతానికి పెరిగింది. అప్పుడు బ్రెజిల్ విధాన వడ్డీ 10.75 శాతం, అమెరికాలో దాదాపు సున్నా. తేడా సుమారు 10.5. ఆరు శాతం పన్ను కట్టినా, మారకపు రేటు కదలకపోతే, ఏడు నెలల్లో అది తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఏడు నెలలకు మించి ఉండదలచినవాడికి ఆ పన్ను అడ్డు కాదు. వడ్డీ తేడా అంత పెద్దదిగా ఉన్నప్పుడు పన్ను ఎంత వేయాలి అన్న ప్రశ్నకు ఈ చిన్న భాగహారమే జవాబు. ఏ దేశం ప్రకటన వచ్చినా ముందు ఇది చేయించండి.

ఆ పన్నుకు సందులు ఎక్కడ పడ్డాయో చూడటం ఇంకా ముఖ్యం. షేర్ల మీద పన్ను వేయగానే మదుపరులు న్యూయార్క్‌లో ట్రేడయ్యే బ్రెజిల్ కంపెనీల డిపాజిటరీ రసీదులు (అసలు షేర్లకు బదులుగా విదేశంలో చేతులు మారే పత్రాలు) కొనడం మొదలుపెట్టారు. వాటిని రద్దు చేయించుకుంటే బ్రెజిల్లో అసలు షేర్లు చేతికొస్తాయి, పన్ను తప్పుతుంది. నెల తిరగకుండానే ప్రభుత్వం ఆ రసీదుల జారీ మీద 1.5 శాతం పన్ను వేయాల్సి వచ్చింది. డబ్బే తేకుండా డెరివేటివ్‌ల (కరెన్సీ ధర కదలికపై కుదుర్చుకునే ఒప్పందాల) ద్వారా బ్రెజిల్ కరెన్సీ రియల్ మీద పందెం కాయవచ్చని తేలాక, 2011 జులైలో డాలరుకు వ్యతిరేకంగా పెట్టే పెద్ద డెరివేటివ్ స్థానాల మీద 1 శాతం పన్ను వచ్చింది. ఒక సందు మూస్తే డబ్బు పక్క సందు వెతుక్కుంటుంది. అందుకే ప్రకటించిన రోజున కాకుండా, ఆరు నెలల తర్వాత ప్రభుత్వం ఎన్ని సందులు మూయగలిగిందన్నది చూడాలి. అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని 2013 మేలో దాని అప్పటి అధిపతి బెర్నాంకీ అనగానే గాలి తిరిగింది. జూన్‌లో బ్రెజిల్ తనంతట తానే ఆ బాండ్ల పన్నును, డెరివేటివ్‌ల పన్నును ఎత్తేసింది.

తొందరపాటుకు ఖరీదు ఎంతో థాయిలాండ్ 2006 డిసెంబరు 18న చూపించింది. బాట్ ఆ ఏడాది బాగా బలపడింది, ఎగుమతిదారులు గోల పెట్టారు. కేంద్ర బ్యాంకు చిలీ తరహాలోనే 30 శాతం డిపాజిట్ పెట్టింది. ఏడాది లోపు తీసుకెళితే ఆ 30లో మూడింట రెండు వంతులే వెనక్కి ఇస్తామంది, అంటే తెచ్చిన మొత్తంలో 10 శాతం జరిమానా. షేర్లకు మినహాయింపు ఇవ్వలేదు. మరునాడు షేర్ల సూచీ దాదాపు 15 శాతం కూలింది, ఆ సాయంత్రమే షేర్లకు మినహాయింపు ప్రకటించారు. సాధనంలో లోపం లేదు. చిలీలో పనికొచ్చిన సాధనమే అది. ఏ గొట్టంలో ఎంత డబ్బుందో చూసుకోకుండా అన్నింటికీ ఒకేసారి బిరడా బిగించడమే లోపం. పైగా ఒక్క రోజులోనే వెనక్కి తగ్గడంతో, కేంద్ర బ్యాంకు మాట మీద నమ్మకం కూడా పోయింది.

కొరియా 2010లో చేసిన పని దీనికి పూర్తిగా భిన్నం. అందరూ చదవాల్సింది అదే. అక్కడి ఓడల కంపెనీలకు రెండు మూడేళ్ల తర్వాత డాలర్లు వస్తాయి. ధర తగ్గుతుందేమోనని ఆ డాలర్లను ముందే ఫార్వర్డ్‌లో బ్యాంకుకు అమ్ముకుంటాయి. బ్యాంకు భవిష్యత్తులో డాలర్లు కొంటానని ఒప్పుకుంది కాబట్టి, తన నష్టభయం పోగొట్టుకోవడానికి ఇవాళే విదేశాల్లో స్వల్పకాలానికి డాలర్లు అప్పు తెచ్చి స్పాట్ మార్కెట్లో (అప్పటికప్పుడు చేతులు మారే చోట) అమ్ముతుంది. ఓడల కంపెనీ జాగ్రత్తపడింది, బ్యాంకు జాగ్రత్తపడింది, దేశం మాత్రం స్వల్పకాలిక డాలరు అప్పులో మునిగింది. 2008లో విదేశీ బ్యాంకులు ఆ అప్పు తిరగరాయడం ఆపేయగానే కొరియా కరెన్సీ వాన్ కుప్పకూలింది. అందుకని 2010 జూన్‌లో బ్యాంకుల ఫార్వర్డ్ స్థానాలకు పరిమితి ప్రకటించారు: దేశీయ బ్యాంకులకు మూలధనంలో 50 శాతం, విదేశీ బ్యాంకుల శాఖలకు 250 శాతం. 2011 ఆగస్టు నుంచి బ్యాంకుల డిపాజిట్లు కాని విదేశీ కరెన్సీ అప్పుల మీద సుంకం వేశారు, ఏడాది లోపు వాటికి 0.2 శాతం, గడువు పెరిగేకొద్దీ తక్కువ. మదుపరి ఏ దేశస్థుడన్న ప్రశ్నే లేదు. అప్పు ఏ కరెన్సీలో ఉంది, ఎంత కాలానికి అన్నదే లెక్క. మదుపరులు భయపడలేదు, స్వల్పకాలిక అప్పు వాటా తగ్గింది. జబ్బు ఏ నరంలో ఉందో కనిపెట్టి అక్కడే మందు వేయడమంటే ఇది.

ఆంక్ష నిజంగా పట్టుకుందా, కారిపోతోందా అని కొలవడానికి మీ విద్యార్థుల చేతిలో ఒక మంచి కొలబద్ద ఉండాలి. చాలా వర్ధమాన దేశాల కరెన్సీలకు దేశం బయట, డాలర్లలో తేడా మాత్రమే చెల్లించుకునే ఫార్వర్డ్ మార్కెట్ ఉంటుంది. ఎన్‌డీఎఫ్ అంటారు. స్పాట్ ధర డాలరుకు 100, దేశీయ వడ్డీ 10 శాతం, డాలరు వడ్డీ 4 శాతం అనుకోండి. డబ్బు స్వేచ్ఛగా తిరిగే చోట ఏడాది ఫార్వర్డ్ ధర 100 × 1.10 ÷ 1.04, అంటే సుమారు 105.77 ఉండాలి. బయట మార్కెట్లో అది 109 పలుకుతోందనుకోండి. తిరగేసి లెక్కిస్తే 109 × 1.04 ÷ 100, అంటే బయట ఆ కరెన్సీ వడ్డీ సుమారు 13.4 శాతం. లోపల 10, బయట 13.4. ఆ 3.4 శాతమే గోడ ఎత్తు. బయటికి పోకుండా ఆపితే బయటి వడ్డీ ఎక్కువగా కనిపిస్తుంది, లోపలికి రాకుండా ఆపితే తక్కువగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ, ప్రభుత్వం ఏమీ సడలించకుండానే ఈ తేడా కరిగిపోతోందంటే, ఎక్కడో గోడకు కన్నం పడినట్టే. అయితే మార్కెట్ భయమే తగ్గినా తేడా తగ్గుతుంది, కాబట్టి ఈ అంకెను చెల్లింపుల శేషం పట్టికతో (దేశంలోకి వచ్చిన, బయటికి పోయిన డబ్బు మొత్తం లెక్కతో) కలిపి చదవాలి. అందులో 'పొరపాట్లు, విస్మరణలు' అన్న వరుస నెలకో త్రైమాసికానికో ఒకే దిశలో పెద్దదవుతూ పోతే, లెక్కకు అందకుండా డబ్బు కదులుతోందని అనుమానించాలి.

కారే దారుల్లో అన్నింటికంటే పాతది, మూయడం అన్నింటికంటే కష్టమైనది సరుకుల వాణిజ్యం. అధికారిక ధర డాలరుకు 100, సమాంతర మార్కెట్లో 150 ఉన్న దేశం తీసుకోండి. ఎగుమతిదారుడు 100 డాలర్ల సరుకు అమ్మి మొత్తం అధికారికంగా తెస్తే 10,000 వస్తుంది. అదే సరుకుకు 80 డాలర్లకే ఇన్‌వాయిస్ రాసి, మిగతా 20 బయట ఉంచుకుని సమాంతర ధరకు మార్చుకుంటే 8,000 ప్లస్ 3,000, మొత్తం 11,000. పది శాతం అదనం, సరుకేమీ మారలేదు. మోసం చేయనివాడు కూడా డాలర్లు తేవడం వీలైనంత ఆలస్యం చేస్తాడు, దిగుమతిదారుడు వీలైనంత ముందే చెల్లిస్తాడు. చట్టం దాటకుండానే నెల రోజుల్లో నిల్వలు తరిగిపోవడానికి ఈ ఒక్క ముందువెనకలు చాలు. కాబట్టి సమాంతర ధరకూ అధికారిక ధరకూ మధ్య అంతరం 10 శాతం లోపు ఉన్నంతవరకు ఆంక్షలు నడుస్తాయని, 50 దాటాక ఆంక్షల శాఖ ఎంత పెద్దదైనా ఓడిపోతుందని నా అంచనా. ఇది కట్టుదిట్టమైన సూత్రమేమీ కాదు, పై లెక్కలోంచి వచ్చే అవగాహన.

నిల్వలు దండిగా ఉన్నాయి కదా, ఆంక్షలు దేనికి అని ఎవరో ఒకరు అడుగుతారు. చైనా జవాబు చెబుతుంది. 2014 మధ్యలో దాదాపు 4 లక్షల కోట్ల డాలర్ల నిల్వలున్న దేశం, 2015 ఆగస్టులో యువాన్ విలువ తగ్గించాక అవి 2017 జనవరి నాటికి 3 లక్షల కోట్ల దిగువకు చేరడం చూసింది. వెళ్లిన డబ్బులో పెద్ద భాగం చైనా కంపెనీలు, పౌరులదే: డాలరు అప్పులు ముందే తీర్చుకోవడం, విదేశాల్లో ఆస్తులు కొనడం. వ్యక్తికి ఏడాదికి 50 వేల డాలర్ల పరిమితి అప్పటికే ఉంది. దాని అమలును బిగించి, ఫార్వర్డ్‌లో డాలర్లు అమ్మే బ్యాంకులపై 20 శాతం రిజర్వు వేసి, కంపెనీల విదేశీ కొనుగోళ్లను గట్టిగా వడకట్టాకే ప్రవాహం నెమ్మదించింది. విదేశీ మదుపరుల మీదే కన్నేసి కూర్చుంటే, స్థానికులు వెళ్లిపోవడం కనపడదు. నికర అంకె మాత్రమే చూసే అలవాటును విద్యార్థుల చేత మాన్పించండి. వచ్చింది ఎంత, పోయింది ఎంత అని విడివిడిగా రాయించండి.

నిల్వలు పోగు చేయడానికీ ఖర్చుంది. కేంద్ర బ్యాంకు డాలర్లు కొంటే దేశీయ కరెన్సీ వ్యవస్థలోకి వస్తుంది, ధరలు పెరగకుండా దాన్ని బాండ్లు అమ్మి వెనక్కి లాగాలి. ఆ బాండ్లకు 7 శాతం కడుతూ, డాలర్ల మీద 3 శాతం సంపాదిస్తే, ప్రతి 10,000 కోట్ల డాలర్ల నిల్వకు ఏటా 400 కోట్ల డాలర్లు చేతి చమురు. మారకపు రేటు స్థిరంగా ఉండాలి, డబ్బు స్వేచ్ఛగా తిరగాలి, వడ్డీ రేటు మన చేతిలో ఉండాలి అన్న మూడు కోరికల్లో రెండే తీరతాయని పాఠ్యపుస్తకం చెప్పే మాటకు, ఈ 400 కోట్లే ఆచరణలో రూపం.

అంతర్జాతీయ ద్రవ్యనిధి దీన్ని నిషేధిస్తుందా అన్న సందేహం కూడా వస్తుంది. నిషేధించదు. దాని ఒప్పందంలోని ఆరో అధికరణం పెట్టుబడి కదలికలను నియంత్రించే హక్కును సభ్య దేశాలకు ఇస్తుంది. ఎనిమిదో అధికరణం మాత్రం వాణిజ్యం, వడ్డీ, డివిడెండ్ లాంటి కరెంటు ఖాతా చెల్లింపులకు అడ్డు చెప్పకూడదంటుంది. 1997లో పెట్టుబడి ఖాతా ఉదారీకరణను కూడా ఒప్పందంలో చేర్చాలని ప్రయత్నం జరిగింది, ఆసియా సంక్షోభంతో ఆగిపోయింది. 2012లో ద్రవ్యనిధి కొన్ని పరిస్థితుల్లో ఆంక్షలు సబబేనని అధికారికంగా ఒప్పుకుంది. డాలరు అప్పులు ప్రమాదకరంగా పేరుకున్న దేశం, డబ్బు వెల్లువెత్తక ముందే లోపలికి వచ్చేదాన్ని అదుపు చేయవచ్చని 2022లో ఇంకో అడుగు వేసింది. ఏ దేశంలో ఏ నిబంధన ఉందో తెలుసుకోవడానికి ద్రవ్యనిధి ప్రతి ఏటా మారక ఏర్పాట్లు, ఆంక్షల మీద వెలువరించే నివేదికే సరైన చోటు.

ఇప్పుడు మీ తరగతి గొడవకు వద్దాం. 1998 సెప్టెంబరు 1న మలేషియా విదేశీయులు షేర్లు అమ్మిన డబ్బును 12 నెలలు దేశంలోనే ఉంచాలంది. సింగపూర్ తదితర చోట్ల ఉన్న రింగిట్లను అక్టోబరు 1లోగా వెనక్కి తెప్పించింది, దాంతో బయట రింగిట్ అప్పు తీసుకుని దాన్నే పడగొట్టే పందేలకు ముడిసరుకు లేకుండా పోయింది. మరునాడు డాలరుకు 3.80 దగ్గర కట్టేసింది. ప్రత్యక్ష పెట్టుబడి, లాభాలు, డివిడెండ్లు, వాణిజ్య చెల్లింపులను ముట్టుకోలేదు. ఆ గోడ వెనక వడ్డీ రేట్లు తగ్గించింది, మొండి బకాయిలు కొనే సంస్థను, బ్యాంకులకు మూలధనం ఇచ్చే సంస్థను పని చేయించింది. అయిదున్నర నెలలకే, 1999 ఫిబ్రవరిలో, నిషేధాన్ని కాలంతో తగ్గే సుంకంగా మార్చింది. సెప్టెంబరులో ఏడాది గడువు తీరినప్పుడు భయపడినంత డబ్బు పోలేదు. 2001 మేలో మిగిలిన సుంకమూ పోయింది. దీన్నంతా చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. ఆంక్షలు లేకుండా ద్రవ్యనిధి కార్యక్రమంలో ఉన్న కొరియా, థాయిలాండ్ కూడా 1999లో కోలుకున్నాయి. మలేషియా అడ్డు వేసేనాటికి పోవాల్సిన డబ్బులో చాలా భాగం పోయింది కూడా. కాబట్టి ఆంక్షలే మలేషియాను కాపాడాయని రాసే విద్యార్థికి పూర్తి మార్కులు వేయకండి. కోలుకోవడానికి అవి ఆటంకం కాలేదని, వడ్డీ తగ్గించే వెసులుబాటు ఇచ్చాయని రాస్తే వేయండి.

అర్జెంటీనా 2011 అక్టోబరులో డాలర్లు కొనడానికి పన్నుల శాఖ అనుమతి తప్పనిసరి చేసింది. వెనక జరిగింది మలేషియాకు తలకిందులు. ద్రవ్యోల్బణం ఎక్కువ, బడ్జెట్ లోటును కేంద్ర బ్యాంకు ముద్రణతో పూడ్చడం ఆగలేదు, అధికారిక పెసో ధర ఉండాల్సినదానికంటే బలంగా ఉంది. గోడ వెనక మరమ్మతు జరగలేదు, జబ్బే పెరిగింది. 'బ్లూ డాలర్' అని పిలిచే సమాంతర ధర దూరమైపోయింది. పెసోల్లో బాండ్లు కొని విదేశంలో డాలర్లకు అమ్ముకునే దారి చట్టబద్ధంగానే తెరుచుకుంది. 2015 డిసెంబరులో ఆంక్షలు ఎత్తేసిన రోజునే అధికారిక పెసో సుమారు 30 శాతం పడింది, ఎందుకంటే నాలుగేళ్లుగా దాచిన తేడా అంతా ఒకేసారి బయటపడింది. 2019 సెప్టెంబరులో నెలకు 10 వేల డాలర్ల పరిమితితో ఆంక్షలు మళ్లీ వచ్చాయి, రెండు నెలలు తిరగకముందే అది 200 డాలర్లకు దిగింది. వ్యక్తులకు వాటిని ఎత్తేసింది 2025 ఏప్రిల్‌లో.

రెండు దేశాలనూ పక్కపక్కన పెట్టి ఐదు వరుసల పట్టిక వేయించండి: ఆంక్ష పెట్టేనాటికి కరెన్సీ ధర వాస్తవానికి దగ్గరగా ఉందా, ద్రవ్యోల్బణం ఎంత, కరెంటు ఖాతా చెల్లింపులు స్వేచ్ఛగా ఉన్నాయా, ఆంక్ష వెనక బ్యాంకులకు, బడ్జెట్‌కు ఏం మరమ్మతు జరిగింది, మొదటి సడలింపు ఎన్ని నెలలకు వచ్చింది. తర్వాత వాటి పక్కన మూడో నిలువు వరుసలో ఐస్‌లాండ్‌ను పెట్టండి. అది వర్ధమాన దేశం కాదు, 2008 నవంబరులో పెట్టిన ఆంక్షలను 2017 మార్చి దాకా మోసింది. అయినా కోలుకుంది. మొదటి నాలుగు వరుసలు బాగుండి ఐదోది బాగోకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు విద్యార్థులు సొంతంగా జవాబు వెతకాల్సి వస్తుంది, ఎందుకంటే అక్కడ మలేషియా వాదమూ సరిపోదు, అర్జెంటీనా వాదమూ సరిపోదు.